తరుగు

కెరిచోలో వాన మధ్యాహ్నం రెండింటికి డ్యూటీకొస్తుంది.
జనవరిలో మాత్రం సెలవు పెడుతుంది.
దానికంటే ముందే చేరాలని
సంకలో ప్రశ్నపత్రాల కట్టతో బయల్దేరాను:
"మీ దగ్గర చేరే కొత్త ఇంజినీరుకి
ఏ కంప్యూటర్ విద్య వచ్చుండాలి?
ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయండి."

పూలతోట మేనేజరు అన్నిటికీ అయిదే వేశాడు.
పాల కేంద్రంలో ఆవిడ
"రాత్రి కరెంటు పోతే ఫోనెత్తేవాడైతే చాలు" అంది.
చక్కెర మిల్లు గేటు దగ్గర కాపలా మనిషి
కాగితం తిరగేసి
వెనకవైపు లారీ నంబరు రాసుకున్నాడు.

టీ ఫ్యాక్టరీలో
ఫెలిస్టస్ తాప్రందిచ్ కుర్చీ లాగింది.
పైఅంతస్తులో ఆకు వాడుతున్న వాసన, పచ్చిగా, తియ్యగా.
ప్రశ్నపత్రం చూడనైనా లేదు, తెర నావైపు తిప్పింది.
ఎక్సెల్. పన్నెండేళ్ళ ఫైలు.
పేరు: ఫైనల్ కొత్తది మూడు.
ఏడొందల మంది రైతుల తూకం
ఎడమవైపు ఆకుగా దిగి
కుడివైపు డబ్బుగా తేలుతుంది.
నడుమ ఒక గడిలో
ఎవరికీ చుట్టం కానట్టు కూర్చుని
0.93.

"ఇదెవరు?" అంది ఫెలిస్టస్,
మనిషిని గురించి అడిగినట్టే.

ఆరేళ్ళుగా నేను చెప్పేది మాత్రికలు.
వెయ్యి వరసలని రెప్పపాటులో తలకిందులు చేస్తారు
నా పిల్లలు.
ఆ సంగతే కాస్త గర్వంగా అన్నాను.
"తెలుసు. మీ కిమోసోప్ నిరుడు వచ్చాడుగా.
ఈ ఫైలు చూసి నవ్వాడు.
మూడు వారాల్లో కొత్త ప్రోగ్రాం రాసిచ్చాడు.
చిలకలా పనిచేస్తుంది.
అందులోనూ పాయింట్ తొంభై మూడుంది."

చాయ్ చల్లారింది.

లండియానీ దారిలో, రేకుల షెడ్డులో,
పాత లెక్కల మనిషి సిమియోన్ అరప్ టొగోమ్
ఒక పంపుసెట్టు పేగులు బయటికి లాగి కూర్చున్నాడు.
చేతులు గుడ్డకి తుడుచుకుని
చాలాసేపు కొండకేసి చూశాడు.
"అది వాన" అన్నాడు.

ఆ ఏడు ఏప్రిల్లో తెల్లారకముందే మొదలయ్యేది.
ఆకుతో పాటు నీళ్ళూ తూకానికొచ్చేవి,
నూటికి ఏడు పాళ్ళు.
నెల్లాళ్ళకని వేశాడు ఆ అంకె.
జూన్‌లో ఆయన్ని వేరే ఫ్యాక్టరీకి మార్చారు.
"తీసేశారనుకున్నాను.
ఎవరో ఒకరు అడుగుతారు కదా, అనుకున్నాను."

వాన వెలిసింది.
తరుగు వెలవలేదు.

పన్నెండు జనవరులు.
మట్టి నోరు తెరిచిన దారిలో
వీపున బుట్టతో వచ్చిన మనిషి ఇరవై కిలోలు దించితే
పద్దెనిమిది కిలోల ఆరొందల గ్రాములని చీటీ.
ఆకు మీద చెమట చుక్క తప్ప తడి లేదు.
లేని వానకి ఏడు పాళ్ళు కట్టింది ఆవిడ.
ఎవరూ దొంగ కాదు ఇందులో.
అదే నాకు మింగుడు పడలేదు.

బోర్డు మీటింగు రెండుసార్లు వాయిదా పడిందట.
ఫెలిస్టస్ ఆ ఫైలు అలాగే ఉంచి
గడికి పసుపు రంగు పూసింది.
ప్రశ్నపత్రం మాత్రం పంపింది పోస్టులో.
మార్కులన్నీ ఖాళీ.
అట్టడుగున, "ఇతరములు" అన్న చోట
ఆకుపచ్చ సిరా:
మీ వాళ్ళకి నవ్వే ముందు అడగడం వచ్చా?

సోమవారం క్లాసు.
ల్యాబులో నలభై కంప్యూటర్లు, ముప్ఫయ్యారు పనిచేసేవి.
ఎప్పటి ప్రోగ్రామే, ఎప్పటిలాగే తెర మీద వేశాను.
నలభై ఒకటో వరసలో
నా చేత్తో నేనే ఎప్పుడో రాసిన గుణకారం:
1.2.

పక్కన ఏమీ లేదు.
గుర్తు తెచ్చుకుందామని నిలబడ్డాను.
వెనక బెంచీలో ఎవరో దగ్గారు.
పిల్లలు తలవంచుకుని, బుద్ధిగా,
దాన్ని దింపుకుంటున్నారు.

"ఆగండి" అన్నాను.

రేకుల మీద మొదటి చినుకులు.
గడియారం చూడక్కర్లేదు.